అరవ మాటకు పారిన ఆయిలు

ఒక అమెరికా కారునూ, ఒక పెద్దావిడ కొండ ప్రయాణాన్నీ ఒకే శుక్రవారం సాయంత్రం, అదీ పళ్లికిలించుకుంటూ, పాడుచేసిన మనిషిని మీరు ఇంతవరకూ చూసి ఉండరు. చూడాలనుంటే నన్ను చూడండి. మొహమాటపడకుండా తేరిపార చూడండి. ఇప్పుడు నాకు మనవళ్లున్నారు, ఊళ్లో కాస్త మర్యాద ఉంది, కాబట్టి ధైర్యంగా చెప్పుకుంటున్నాను. ఆ రోజుల్లో అయితే ఎవరైనా "ఆయిలు" అనే మాట అంటే చాలు, నేను పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

నా పేరు రెడ్డెప్ప. పీలేరు పక్క పల్లె మాది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, బస్సుల వెనక పెద్ద డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు కాల్చి, ఆ గ్యాసుతో బండ్లు నడిపేవాళ్లు. అలాంటి బొగ్గు బస్సును పీలేరు నుంచి చిత్తూరుకు తోలినవాణ్ణి నేను. ఆ బస్సులో గేరు మార్చాలంటే ఎడమకాలితో క్లచ్చి మీద నిలబడినంత పని చేసి, రెండు చేతులతో కడ్డీని లాగి, మధ్యలో ఇష్టదైవాన్ని తలచుకోవాలి. ఇంజిన్ మోత మూడు ఊళ్ల అవతలికి వినిపించేది. బస్సు వస్తోందని విని, స్నానం చేసి, అన్నం తిని, తీరిగ్గా బయల్దేరి వచ్చి ఎక్కినవాళ్లున్నారు. అంత బండిని తోలిన నాకు ప్రపంచంలో తెలియని బండి లేదని నా నమ్మకం.

స్వతంత్రం వచ్చి రెండేళ్లయింది. చిత్తూరులో బెల్లం మండీ నడిపే నాయుడుగారు ఒకాయన మద్రాసు పోయి, ఎవరో దొర దేశం వదిలిపోతూ అమ్మేసిన అమెరికా కారు కొన్నారు. ఆ కారుకు క్లచ్చి లేదట, గేర్లు వాటంతటవే మారతాయట, అన్న వార్త కారు కంటే ముందే పీలేరు చేరింది. నేను నవ్వాను. తర్వాత, దాన్ని తోలేదానికి డ్రైవరు కావాలన్న వార్త చేరింది. నవ్వు ఆపి చిత్తూరు బస్సెక్కాను.

నాయుడుగారు మండీలో బెల్లం అచ్చుల మధ్య కూర్చొని నన్ను ఎగాదిగా చూశారు.

"బండి తోలతావు, సరే. అరవం వస్తాదా?"

"అరవం దేనికి సామీ?"

"కారు పని నేర్పేదానికి మద్రాసు నుంచి ఫిట్టరు వస్తా ఉండాడు. ఆయనకు తెలుగు రాదు. నేను మండీ ఇడిసిపెట్టి ఆడ నిలబడలేను. అరవం వచ్చినోడే కావాల."

"వస్తాది సామీ."

"బాగా వస్తాదా?"

"నేను మాట్లాడితే మద్రాసోళ్లు నన్ను యే వీధి అని అడగతారు."

పాఠకులారా, మీ దగ్గర దాచేదేముంది. నాకు వచ్చిన అరవం మూడు మాటలు: తిండి, నీళ్లు, లేదు. చిత్తూరులో పుట్టినవాడికి అరవం తల్లిపాలతో వస్తుంది. పీలేరువాడికి బస్సు టికెట్టు కొన్నా రాదు. అయినా చిన్నప్పట్నుంచీ నాదొక సిద్ధాంతం ఉంది. అరవం అంటే గట్టిగా, తొందరగా మాట్లాడే తెలుగే. కాస్త చెవి ఒగ్గితే అర్థం కాకుండా పోదు.

మరుసటి వారం ఫిట్టరు వచ్చాడు. సన్నగా, నుదుటి మీద విభూతితో ఉన్నాడు. నాయుడుగారి ఇంటి ముందు వాకిట్లో కారు నిలిపి ఉంది. నేరేడుపండు రంగు. వీధి వీధంతా చేరి, చేతులు వెనక్కి కట్టుకొని చూస్తోంది. ఫిట్టరు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని కారు కదిలించాడు. ఎప్పుడు కదిలించాడో నాకు తెలియలేదు. పక్కనున్న గోడ వెనక్కి పోతుంటే, గోడకేమైంది అనుకున్నాను.

ఆ రోజు నేను చూసింది ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. ఆయన ఎడమకాలు మడిచి పెట్టుకొని కూర్చున్నాడు. కుడికాలు కొద్దిగా నొక్కాడు. కారు వేగం అందుకుంది. లోపల ఎక్కడో చిన్నగా ఒక నిట్టూర్పు లాంటిది వినిపించింది, అంతే, గేరు మారింది. ఇంకో నిట్టూర్పు, ఇంకో గేరు. ముట్టుకున్నవాడు లేడు, లాగినవాడు లేడు. నా ఎడమకాలు మాత్రం పాత యజమానిని మరవలేని కుక్కలాగా క్లచ్చి కోసం కింద తడుముకుంటూనే ఉంది.

తిరిగి వచ్చాక పక్కింటి రామక్క అడిగింది: "ఏమప్పా రెడ్డెప్పా, లోపల గేర్లు మార్చేది ఎవురు?"

"ఎవురూ లేరక్కా."

"ఎవురూ లేకుండా యెట్టా మారతాయి? పొట్టి దొర ఎవురన్నా దాక్కోని ఉండాడేమో సూడు."

"సూసినానక్కా. లేడు."

"అయితే దేవుడే," అని రామక్క కారుకు దణ్ణం పెట్టింది. ఆమె వెనకే ఇంకో నలుగురు పెట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ పెట్టాను.

అప్పుడు ఫిట్టరు ముఖ్యమైన పాఠం మొదలుపెట్టాడు. ముందు సీటు కింద పరిచిన చాప ఎత్తాడు. దాని కింద చిన్న మూత. మూత తీస్తే సన్నటి ఇనప పుల్ల. దాన్ని పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి, మళ్లీ తీసి నాకు చూపించాడు. పుల్ల కొసన రెండు గీతలు. పై గీత దాకా ఎర్రటి ఆయిలు తడి. ఆ ఆయిలే గేర్లను మార్చే దేవుడని, అది తగ్గితే బండి కదలదని సైగల్లో చెప్పాడు. అంతవరకూ నాకూ అర్థమైంది. తర్వాత వేలెత్తి, ఒక్కో మాటా నొక్కి, మూడుసార్లు చెప్పాడు.

"ఇంజిన్ ఓడుంబోదు ఆయిల్ పారు. మరక్కాదే!"

నేను మూడుసార్లూ తల ఊపాను. నా సిద్ధాంతం ఎంత గొప్పదో నాకే ఆశ్చర్యమేసింది. ఒక్క మాట కూడా వదలకుండా అర్థమైపోయింది! ఇంజిన్ ఓడిపోదు, అంటే దానికేమీ కాదు. ఆయిలు పారు, అంటే ఎక్కువైతే పారించెయ్యి. మరక కాదే, అంటే బట్టల మీద పడినా మరక కాదు. ఎంత మంచి ఆయిలు! ఎంత చక్కటి తెలుగు!

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు అన్యాయం జరుగుతుంది. ఆయన ఆ పుల్ల తీసి చూపించినంతసేపూ ఇంజిన్ నడుస్తూనే ఉంది. నాకు తెలియలేదు. బొగ్గు బస్సు తోలి తోలి, చెవులు పగిలేలా మోత వస్తేనే ఇంజిన్ నడుస్తున్నట్టు లెక్క నాకు. ఆ కారు ఇంజిన్ పూజలో కూర్చున్న మనిషిలాగా నిశ్శబ్దంగా ఉంటుందని నాకేం తెలుసు? ఫిట్టరు సాయంత్రం రైలుకు మద్రాసు వెళ్లిపోయాడు.

నాయుడుగారు ఆ కారు కొన్నది దర్జా కోసం కాదు, వాళ్లమ్మ కోసం. ఆమెను అందరూ అవ్వ అనేవాళ్లు, నేనూ అవ్వ అనేవాణ్ణి. ఆమె పుట్టిల్లు సత్యవేడు దగ్గర, అరవ దేశం అంచున. పద్నాలుగేళ్లప్పుడు, పెళ్లికి ముందు, వాళ్ల నాయనతో తిరుమల కొండ నడిచి ఎక్కిందట. తర్వాత సంసారం, పిల్లలు, మండీ. తీరిక దొరికేసరికి బావి దగ్గర జారిపడి నడుము విరిగింది. మెట్లెక్కలేదు. కొత్తగా పడిన ఘాటు రోడ్డు మీద ఒకసారి బస్సులో తీసుకుపోదామని చూశారు. గేరు మారినప్పుడల్లా బస్సు కుదిపే కుదుపుకు ఆమె ఊరు దాటకముందే అల్లాడిపోయింది. డోలీలో మోయిస్తామంటే ససేమిరా ఒప్పుకోలేదు.

"నలుగురు నన్ను మోసేది ఒక్కసారే. అదెట్లాగూ వస్తాది. ముందుగా వొద్దు," అని తేల్చేసింది.

అందుకని, కుదుపు లేని కారు. కొండ మీది సామికి ఇష్టమైన పెరటాసి నెల ఆఖరి శనివారం ఆమెను కొండకు తీసుకుపోవడానికి ముహూర్తం పెట్టారు. నడుము నొప్పి ఏటేటా ఎక్కువవుతోంది. పై ఏడు కారులో కూడా కూర్చోగలదో లేదో అని వైద్యుడు పెదవి విరిచాడు. ఆమెకు అరవై ఏళ్ల కోరిక, నాకు పదిరోజుల ఉద్యోగం. శుక్రవారం పొద్దున అవ్వ నన్ను పిలిచి, నా చెయ్యి పట్టుకొని అడిగింది.

"నాయనా, నన్ను సామి కాడికి సేరస్తావు గదా?"

"పువ్వుల్లో పెట్టి తీసకపోతానవ్వా."

ఆ మాట అన్నది నేనే. అది గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేనే గిల్లుకుంటాను.

శుక్రవారం సాయంత్రం నాయుడుగారు "రేపు కొండకు పోవాల. అంతా సూసిపెట్టు రెడ్డెప్పా," అని మండీకి పోయారు. నాకు కుట్టించిన కొత్త తెల్లటి చొక్కా, నిజారు వేసుకొని వాకిట్లోకి దిగాను. కారు కడిగాను, తుడిచాను. ఇంజిన్ ఆపి ఉంది కదా, ప్రశాంతంగా చాప ఎత్తి, మూత తీసి, పుల్ల లాగాను.

ఆయిలు పై గీత దాటి, బెత్తెడు పైదాకా అంటుకొని ఉంది!

నడిచే ఇంజిన్ ఆ ఆయిలును పైకి పీల్చి లోపలంతా తిప్పుతుంది, ఆగితే అదంతా కిందికి దిగి తొట్టిలో చేరుతుంది, అందుకే ఆగినప్పుడు చూస్తే ఎక్కువగా కనిపిస్తుంది. ఈ ముక్క ఇప్పుడు మీకు తెలిసింది. అప్పుడు నాకు తెలియదు. ఫిట్టరు ఎక్కువ పోసి పోయాడనే అనుకున్నాను. రేపు ఘాటు రోడ్డు మీద ఆయిలు పొంగి, అవ్వ చీర మీద పడితే? వెంటనే ఆయన ఉపదేశం గుర్తొచ్చింది. ఆయిల్ పారు!

కారు కింద దూరి, తొట్టి అడుగు నట్టు వదులు చేసి, వంటింటి నుంచి తెచ్చిన ఇత్తడి బోసి పెట్టాను. పారింది. దారిలో నా కొత్త చొక్కా మీద కూడా పారింది. మరక కాదని ధీమాగా పడుకొని ఉన్నాను. మధ్యమధ్య నట్టు బిగించి, పైకొచ్చి, పుల్ల చూసి, మళ్లీ కింద దూరాను. చివరికి ఆయిలు సరిగ్గా పై గీత దగ్గర వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచింది. నాలుగు పడుల ఆయిలు బోసిలో ఉంది.

ఈలోగా వీధి చేరింది.

"ఇదేనాప్పా ఆ గేర్లు మార్చే ఆయిలు?" అంది రామక్క.

"ఇదేనక్కా. ఎక్కువైంది, తీసేసినా."

"మనిషి ముట్టకుండా అంత ఇనుమును కదిలించేది, మా తలుపును కదిలించదా? బందులు బిగుసుకోని ఆర్నెల్లాయె. రవంత పొయ్యి."

పోశాను. దర్జీ మునస్వామి తన మోకాళ్లకు అడిగాడు. "గేర్లే తిరగతా ఉంటే మోకాలు తిరగదా?" అన్నాడు. అది కాదనలేని మాట. ఒకరు కుట్టుమిషనుకు, ఒకరు బావి గిలకకు, ఒకరు ఊరికే ఇంట్లో ఉంటే మంచిదని గిన్నెలు, చెంబులు పట్టుకొచ్చారు. నేను పూజారిలాగా నిలబడి, గరిటెతో తలా ఇంత పోశాను. జీవితంలో అంత గౌరవం నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. బోసి ఖాళీ అయ్యింది.

శనివారం పొద్దున్నే అవ్వ తలంటుకొని, పసుపు అంచు పట్టుచీర కట్టుకొని, నెమ్మదిగా వచ్చి కారులో కూర్చుంది. ఒళ్లో ముడుపు మూట. ముఖం చూస్తే పద్నాలుగేళ్ల పిల్లే. వీధంతా సాగనంపడానికి వచ్చింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. నాయుడుగారు కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, ముందు సీట్లో కూర్చొని అన్నారు: "పోనీ."

బండిని కదిలించేదానికి ఫిట్టరు చూపించిన స్టీరింగు కింది పిడి తిప్పి, కుడికాలు నొక్కాను. ఇంజిన్ గొంతు లేచింది. కారు లేవలేదు.

ఇంకాస్త నొక్కాను. ఇంజిన్ నా పాత బస్సంత మోత పెట్టింది. నిమ్మకాయలు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి.

"నిమ్మకాయలు గట్టివేమో," అన్నాడు మునస్వామి.

నిమ్మకాయలు మార్చారు. పండినవి, మెత్తటివి తెచ్చి పెట్టారు. మళ్లీ నొక్కాను. మోతకు చూరు మీద పావురాలు లేచిపోయాయి గానీ, ఒక్క నిమ్మకాయ తొక్కైనా చిట్లలేదు.

"ఏందిరా ఇది?" నాయుడుగారి గొంతు మారింది. "ఆయిలు సూసినావా?"

"సూసినాను సామీ. గీత మీద ఉండాది."

"ఇప్పుడు సూడు."

ఇంజిన్ ఆపి, చాప ఎత్తి, పుల్ల తీసి చూపించాను. ఆయిలు గీత మీద చక్కగా నిలబడి ఉంది. ఇంజిన్ వేశాను, పిడి తిప్పాను, నొక్కాను. మోత. ఆపాను, పుల్ల తీశాను. గీత మీదే. ఇలా నాలుగుసార్లు జరిగింది. ఆ కారు నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. అప్పటికి నాకు చెమటలు కారి, కొత్త చొక్కా మీది ఎర్ర మరకలు దేశపటంలా వ్యాపించాయి.

"మద్రాసుకు తంతి కొడదాం," అన్నారు నాయుడుగారు. "ఫిట్టరు సోమవారానికి గానీ రాడు. అమ్మా, దిగు. పై యేడు సూద్దాం."

అవ్వ ముడుపు మూటను రెండు చేతులతో పట్టుకొని, తల వంచుకొని కూర్చుంది. పై ఏడు అనే మాటకు అర్థం ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు, ఏడ్చేశాను.

"ఏడవద్దురా అబ్బోడా," అంది అవ్వ. "ఆ ఫిట్టరు పోయేటప్పుడు నీకేమన్నా సెప్పినాడా? సెప్పిన మాట సెప్పినట్టు సెప్పు."

ముక్కు తుడుచుకొని, మంత్రంలా అప్పజెప్పాను. "ఇంజిన్ ఓడుంబోదు ఆయిల్ పారు. మరక్కాదే."

అవ్వ తల ఎత్తింది. "అట్ల సెప్పినాడా? నువ్వేం జేసినావు?"

"ఆయిలు పారించినానవ్వా."

"యాడికి పారించినావు?"

"బోసిలోకి."

అవ్వ నా ముఖంలోకి చూసింది, నా చొక్కా వైపు చూసింది, మళ్లీ ముఖంలోకి చూసింది. నడుము నొప్పి మనిషి, కారు తలుపు పట్టుకొని కిందామీదా పడి నవ్వింది.

"ఓరి నీ అరవం పాడుగాను! 'ఓడుంబోదు' అంటే నడస్తా ఉండేటప్పుడు. 'పారు' అంటే సూడు. ఇంజిన్ నడస్తా ఉండేటప్పుడు ఆయిలు సూడమన్నాడురా!"

"మరి... మరక కాదన్నాడు గదవ్వా?"

"మరిచిపోవద్దన్నాడు!"

వీధి మొత్తం నవ్విన నవ్వు గురించి నేను రాయను. మీకు ఊహ ఉంది కదా, వాడుకోండి. నాయుడుగారు మాత్రం నవ్వలేదు. ఇంజిన్ వేసి, అది నడుస్తుండగా పుల్ల తీసి చూస్తే ఎముకలాగా పొడిగా ఉంది.

"ఆ ఆయిలు యాడ ఉండాది?" అన్నారు.

చెప్పాను. వీధిలో పదకొండు ఇళ్లలో ఉంది, అన్నాను. అలాంటి ఆయిలు మద్రాసులో తప్ప దొరకదు. బోసి పట్టుకొని బయల్దేరాను. మొదటి గడప రామక్కది.

"అక్కా, రాత్రి పోసిన ఆయిలు కొంచెం తిరిగియ్యి."

"శనివారం నూనె అడగతా ఉండావే! శనివారం నూనె చేతికిస్తే మా శనంతా నీకు పోతాది, తెలుసునా?"

"తెలుసక్కా. పొయ్యి."

"నిజంగా తీసకపోతావా?"

"తీసకపోతా."

రామక్క ముఖం వెలిగింది. బందులకు పూయగా మిగిలిన ఆయిలు తెచ్చి, అందులో తన ముఖం నీడ చూసుకొని, కళ్లు మూసుకొని, ఏమేమో గొణిగి బోసిలో పోసింది. వార్త నాకంటే ముందు నడిచింది. తర్వాతి ఇళ్లలో నేను అడిగే పని కూడా లేకపోయింది. గిన్నెలతో గడపల్లో సిద్ధంగా నిలబడి ఉన్నారు. ఒకాయన అత్తతో గొడవను, ఒకామె కొడుకు పరీక్షను ఆ ఆయిలులో చూసుకొని నాకు పోశారు. దర్జీ మునస్వామి ఏలినాటి శనిలో ఉన్నాడు. మోకాళ్లకని కర్పూరం కరిగించి పెట్టుకున్న ఆయిలు మొత్తం వంచేసి, సీసాను తలకిందులు చేసి తట్టి మరీ ఇచ్చాడు. "ఏడేళ్లదీ తీసకపోప్పా," అని నా భుజం తట్టాడు. పదకొండో ఇల్లు దాటేసరికి ఆ బోసి బరువు ఆయిలుది కాదని నాకు అనిపించింది.

వాకిట్లో నాయుడుగారు అడ్డం నిలబడ్డారు. "శనివారం పూట నూనె ఇంట్లోకి తేగూడదురా!"

"నూనె తేగూడదు," అంది అవ్వ కారులోంచి. "అది ఆయిలు. పొయ్యి రెడ్డెప్పా."

ఇచ్చేవాళ్లకు నూనె, తెచ్చేవాళ్లకు ఆయిలు. ఇంత సుళువైన ధర్మసూక్ష్మం చెప్పగల మనిషి ఆ జిల్లాలో ఇంకొకరు లేరు. పాత పంచె నాలుగు మడతలు వేసి వడగట్టి, ఇంజిన్ నడుస్తుండగా, చెవి బానెట్టుకు ఆనించి నడుస్తోందని రెండుసార్లు నిర్ధారించుకొని, కొద్దికొద్దిగా పోశాను. పోయడం, పుల్ల తీయడం, చూడడం. తీసినప్పుడల్లా "పారు, పారు" అని వీధంతా అరిచింది. చివరికి రెండు గీతల మధ్య తడి నిలిచింది. పిడి తిప్పి, కుడికాలు ఆనించాను. చక్రాల కింద పటపటమని నాలుగు చప్పుళ్లు వచ్చాయి. నిమ్మరసం నాయుడుగారి పంచె మీద చిందింది. అంత చల్లటి చప్పుడు నేను మళ్లీ వినలేదు.

మధ్యాహ్నానికి తిరుపతి చేరి ఘాటు రోడ్డు ఎక్కాం. అప్పుడు చూశాను ఆ బండి మహిమ. ఎత్తు వచ్చినప్పుడు తనే తగ్గింది, వంపు దాటాక తనే పుంజుకుంది. ఒక్క కుదుపు లేదు. బస్సులో నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని ఎక్కే దారి అది. ఇప్పుడు నా చేతుల్లో స్టీరింగు ఉంది గానీ, తోలేది నేను కాదనిపించింది. కారంతా కర్పూరం వాసన. మునస్వామి మోకాళ్ల కర్పూరం, వేడెక్కిన కొద్దీ గుబాళించింది.

"గుడి కాడికి పోయే బండి, ఇట్నే ఉండాల," అంది అవ్వ.

ఒక మలుపులో లోయ కనిపించింది. కింద తిరుపతి గోపురం చిటికెనవేలంత, చెరువులు, పొలాలు, దూరంగా మబ్బు నీడలు. అవ్వ కారు ఆపమంది. చాలాసేపు చూసింది. వాళ్ల నాయన వేలు పట్టుకొని మెట్ల దారిలో ఎక్కడ కూర్చున్నారో, ఆయన ఏ చెట్టు కింద ఆమెకు అటుకులు పెట్టాడో వెతుక్కుంటోంది. "ఇంత ఎత్తు నడిచినానా నేను," అని తనలో తను అంది. కొండకు, కారుకు, ఆమెకు, మూడింటికీ మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

దర్శనం బాగా జరిగింది. బయటికి వచ్చేసరికి అవ్వ కళ్లు తడిగా, ముఖం నిండుగా ఉంది. కారు పక్కన అరుగు మీద కూర్చొని నన్ను దగ్గరికి పిలిచింది.

"నాయనా రెడ్డెప్పా, పొద్దున బండి కదలకుండా నిలబడిపోయినప్పుడు నేనొక మొక్కు మొక్కినా. సామీ, ఈ బండి నీ కొండెక్కితే తలనీలాలు ఇస్తానని."

నా మనసు కరిగిపోయింది. "ఈ వయసులో మీరెందుకవ్వా..."

"నా తలలో యేముండాదిరా? నాలుగు నెరిసిన పోగులు. సామికి అట్లాంటివి ఇస్తే బాగుంటాదా?" నా దువ్వుకున్న క్రాపు వైపు ప్రేమగా చూసింది. "నీది మొక్కినా."

నాయుడుగారు ఆ రోజు మొదటిసారి నవ్వారు. నవ్వుతూనే నా జబ్బ పట్టుకొని కల్యాణకట్టకు నడిపించారు. అవ్వ కూడా నెమ్మదిగా వెనకే వచ్చి గుమ్మం బయట కూర్చుంది.

మంగలాయన నన్ను కూర్చోబెట్టి అరవంలో ఏదో అన్నాడు. అలవాటు కొద్దీ నా తల ఊగబోయింది. గట్టిగా పట్టుకొని ఆపాను. "అవ్వా, ఏమంటా ఉండాడు?" అని కేక వేశాను. "తల ఆడించొద్దంటా ఉండాడు!" అని బయటి నుంచి జవాబొచ్చింది. చూశారా, ఊపి ఉంటే చెవి పోయేది.

బయటికి వచ్చి, చల్లగాలి తగులుతున్న నున్నటి గుండు మీద కుడిచెయ్యి పెట్టుకొని, ఆనందనిలయం వైపు తిరిగి, నాయుడుగారి సమక్షంలో, అవ్వ సాక్షిగా ప్రమాణం చేశాను. ఆగిన ఇంజిన్‌లో ఆయిలు చూడను. నడిచే ఇంజిన్‌లో చూసినదాన్ని ఎవరికీ పంచను. అర్థం కాని మాటకు ఈ జన్మలో తల ఊపను. ఈ మూడు మాటలూ నేటి దాకా తప్పలేదు.

జుట్టు నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది. అరవమే ఇంకా రాలేదు.